ఎనిమిది ముడి

ఆయన పోయి ఇవాళ్టికి ఆరు రోజులు. ఎల్బీనగర్‌లో మా వీధిలో ఈ ఆరు రోజుల్లో ఆయన గురించి నేను విన్న మంచి మాటలు, ఆయన బతికుండగా పదేళ్ళలో విన్నవాటికంటే ఎక్కువ. నల్లా నీళ్ళ దగ్గర ఆయనతో పోట్లాడని ఇల్లు మా వీధిలో లేదు. ఆయన బండలెక్కే తాళ్ళు ఉతికి డాబా మీద ఆరేస్తే, నీళ్ళు కారి తన గోడ పాడైందని పక్కింటాయన పోలీసు స్టేషన్ దాకా వెళ్ళాడు. ఆ పక్కింటాయనే మొన్న నా గేటు దగ్గర నిలబడి, “దేవుడసొంటి మనిషి మేడం,” అన్నాడు. చావు జరిగిన వీధిలో వాదన పెట్టుకోవడం నాకు చేతకాదు. కానీ ఆయన దేవుడిలాంటి మనిషి కాదు. మంచి మనిషి అని కూడా నేను అనను.

బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. చలికాలంలో ఆదివారాలు పదిమందిని వెంటబెట్టుకుని భువనగిరి వెళ్ళి, తాడు కట్టుకుని బండ ఎక్కడం, దిగడం నేర్పేవాడు. నాలుగు చలికాలాలు నేనూ వెళ్ళాను. చివరి ఆదివారం ఆయన తన నడుముకి వేసుకున్న ముడిని నేను చూసి, సరిగ్గా ఉందన్నాను. అది సరిగ్గా లేదు. ఆ ముడి ఆయన కావాలని తప్పు వేశాడా, పొరపాటున వేశాడా అన్నది మూడేళ్ళుగా నాకు తేలలేదు. కావాలని వేసి ఉంటే నేనొక పరీక్షలో తప్పాను, అంతే. పొరపాటున వేసి ఉంటే ఒక మనిషిని చంపబోయాను. మా ఇళ్ళ మధ్య మూడు గుమ్మాల దూరం. వెళ్ళి అడిగి ఉండొచ్చు. అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆయన లేడు. మధ్యాహ్నం అన్నం తిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదట.

దిల్‌సుఖ్‌నగర్‌లో పోటీ పరీక్షల పుస్తకాలు వేసే ఒక ఆఫీసులో నేను ప్రూఫులు దిద్దుతాను. రోజంతా నాలుగు జవాబుల్లో సరైనది ఏదో చూడటం, అచ్చులో అది మారిపోకుండా కాపలా కాయడం. మా ఆఫీసులో డీటీపీ చేసే సునీత ఒకసారి, “అక్కా, నువ్వు ఎండ చూసి ఎన్ని రోజులైంది?” అని అడిగి నన్ను ఆయన గుంపులో చేర్చింది. ఆయన మా వీధి మనిషే అయినా అప్పటిదాకా నాకు ముఖపరిచయమే, అదీ నల్లా దగ్గర కేకల వల్ల.

తెల్లవారకముందే ఎల్బీనగర్ మెట్రో స్తంభాల కింద కలవాలి. ఐదున్నర అంటే ఐదున్నరే. భుజానికి రెండు బియ్యం సంచులు, వాటి నిండా తాళ్ళు. బుగ్గలో ఒక లవంగం. ఒకసారి ఆయన సొంత కూతురే రెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. రోడ్డు దాటుతూ చెయ్యి ఊపింది. ఆయన బస్సు కిటికీలోంచి చూశాడు, చూసి కండక్టర్‌తో “పోనియ్యి” అన్నాడు. బస్సు పోయింది.

భువనగిరి చిన్న ఊరు. బస్టాండులో దిగి తలెత్తితే ఊరి నెత్తిమీద ఒకటే రాయి. కొండ అంటారు గాని అందులో రెండో రాయి లేదు. పైన కోట, గోడలు, కూలిన గదులు, వాన నీళ్ళు నిలిచిన గుంటలు. కోట చూడ్డానికి వచ్చేవాళ్ళకి ఒక పక్క మెట్లున్నాయి. ఆయన మమ్మల్ని రెండో పక్కకి తీసుకెళ్ళి ప్రతి ఆదివారం అదే మాట అనేవాడు: “కోట జూడనీకొచ్చినోళ్లు మెట్లెక్కి పోండ్రి. బండెక్కనీకొచ్చినోళ్లు నోర్మూస్కోండ్రి.”

మొదటి ఆదివారం నా సంచిలో ఒక పుస్తకం ఉంది. విశ్రాంతి సమయంలో చదువుకుందామనుకున్నాను. ఆయన నా సంచి తెరిచి దాన్ని బయటికి తీశాడు, నన్ను అడగకుండానే.

“ఏం మేడం, లైబ్రరీకొచ్చినవా?”

“ఖాళీగా ఉన్నప్పుడు చదువుకుందామనండి.”

“బండ మీద ఖాళీ ఉండది,” అని పుస్తకాన్ని కింద ఒక రాయి పక్కన పెట్టించాడు. నేను బండ వైపు చూసి, “ఇది ఎలాగండీ ఎక్కేది?” అన్నాను.

“ఎలాగండీ అంటె గీ బండకు తెల్వది. ఎట్ల అను, అప్పుడు జెప్త.”

అందరూ నవ్వారు. మా నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. నేను పుట్టింది ఇక్కడే, కానీ నా మాట మా అమ్మ మాట. ఆ సంగతి అప్పటిదాకా ఎవరూ నాకు అలా గుర్తుచేయలేదు. ఎక్కాను. కాదు, సగం దాకా ఎక్కి దిగాను. దిగి చూస్తే పుస్తకం అట్ట, మొదటి పదహారు పేజీల మూల ఒక మేక నమిలేసింది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

“మేక అప్పుడే ఇంత చదివింది. నువ్వింకా అట్టనే చూస్తున్నవ్.”

ఆ పుస్తకం నా దగ్గర ఇంకా ఉంది. మూల లేకుండా.

ఆ రోజే ముడి గురించి చెప్పాడు. తాడుని ఎనిమిది అంకెలా మెలిపెట్టి, కొసని నడుము పట్టీలోంచి తీసి, అది వచ్చిన దారినే వెనక్కి నడిపించాలి. ఒక్క మలుపు తప్పినా పైకి చూడ్డానికి ముడిలాగే ఉంటుంది. బరువు పడితే జారిపోతుంది. ఎవరి ముడి వాళ్ళు వేసుకోవాలి. వేసుకున్నాక ఇంకొకరు చూడాలి. అది ఎక్కడైనా ఉండే నియమమే. ఆయన నియమం ఇంకొంచెం ముందుకి పోతుంది. ముడి చూసే మనిషి ముడి వేసుకున్న మనిషికి స్నేహితుడు కాకూడదు.

“నీ ముడి నువ్వు జూస్కుంటె మంచిగనే కనబడ్తది. నీ దోస్తు జూసినా మంచిగనే కనబడ్తది. నువ్వంటె మండేటోడు జూడాలె. ఆనికి తప్పు దొరికితె పండుగ.”

వాళ్ళ నాయన నల్లగొండ పల్లెల్లో బావులు తవ్విన మనిషట. లోపలికి దిగేవాడి మోకు ముడిని, ఆ వారం అతనితో మాటల్లేనివాడే పట్టి చూసేవాడట. గుంపులో అందరూ కలిసిమెలిసి ఉంటే ఆ రోజు పని మొదలుపెట్టేవాళ్ళు కాదట. ఆయన తన గురించి, తన వాళ్ళ గురించి నా ఎదుట చెప్పింది ఇదొక్కటే.

కలిసిమెలిసి ఉన్నవాళ్ళు వస్తే ఆయనే విడగొట్టేవాడు. రెండో చలికాలంలో దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి కానిస్టేబుల్ పరీక్షకి చదువుతున్న ఇద్దరమ్మాయిలు వచ్చారు. బస్సులో ఒకే సీట్లో, ఒకే ఇయర్‌ఫోన్ చెరో చెవిలో. ఆయన వెనక సీట్లోంచి ముందుకి వంగాడు.

“ఏం బిడ్డా, నీకు ఈసారి గుడ నౌకరి రాదంట గద.”

“ఎవలన్నరు సార్?”

“గీ నీ దోస్తే. మొన్న చాయ్ కాడ.”

“అట్లన్నవానే?”

“నేనెప్పుడన్ననే! సార్, నేనెప్పుడన్న?”

“నాకైతె ఇనబడ్డది మరి,” అని ఆయన వెనక్కి వాలి లవంగం రెండో బుగ్గకి మార్చుకున్నాడు.

ఘట్‌కేసర్ వచ్చేసరికి ఇద్దరూ వేరువేరు సీట్లలో ఉన్నారు. బండ దగ్గర ఒకతె రెండో ఆమె ముడిని మూడుసార్లు విప్పించి వేయించింది. అంత శ్రద్ధగా ముడి చూడటం నేనెక్కడా చూడలేదు. తిరుగు ప్రయాణంలోనైనా అది అబద్ధమని చెప్తాడనుకున్నాను. చెప్పలేదు. నేను అడిగితే, “ఇంక రెండు ఐతారాలున్నయ్ గద,” అన్నాడు. ఆ రెండు ఆదివారాలూ వాళ్ళు ఒకరి ముడి ఒకరు చూడాలి మరి. ఆ తర్వాత వాళ్ళు కలిశారో లేదో నాకు తెలియదు. ఆయన తెలుసుకోలేదు.

తన ముడి చూడటానికి మొదటి రోజే నన్ను పెట్టుకున్నాడు. సునీత ఆశ్చర్యపోయింది. “సార్, అక్కకి ఇవాళే కదా ముడి నేర్పిన్రు?”

“నేర్చుకున్నది గద. ఆమె కండ్లు జూడు,” అన్నాడు. “నేను పడితె సంబురపడ్తది.”

సంబరపడేదాన్నని కాదు. కానీ ఆయన ముడిలో తప్పు దొరకాలని కోరుకునేదాన్ని. మొదటి రెండు చలికాలాలు ఒక్కటీ దొరకలేదు. మూడో చలికాలంలో దొరకడం మొదలైంది. ఒకసారి కొస పొట్టిగా వదిలాడు. ఇంకోసారి ఒక మెలిక వదులుగా ఉంది. “ఇది విప్పి వేసుకోండి,” అన్నాను, అందరికీ వినపడేలా. మారు మాట్లాడకుండా విప్పాడు, మళ్ళీ వేశాడు. ఆ రోజంతా నాకు లోపల ఏదో పండగలా ఉంది. ఆయన చెప్పింది నిజమే.

ఇన్ని ఆదివారాల్లో ఆయన ఎవరినీ మెచ్చుకోవడం నేను వినలేదు. వణుకుతూ, ఏడుస్తూ, ఎలాగో కింద నేల మీద కాలు పెట్టినవాళ్ళ భుజం మీద ఒక్కటి చరిచి, “ఏం కాలే,” అనేవాడు. గొప్పగా దిగినవాళ్ళకీ అదే. “ఏం కాలే.” ఆయన దృష్టిలో ఒక రోజు గురించి చెప్పగలిగిన మంచి మాట అదొక్కటే.

మరెందుకు వెళ్తావని సునీత అడిగేది. బండ మీద తప్పు ఉందా లేదా అన్నది వెంటనే తెలుస్తుంది. ఆఫీసులో నేను వదిలేసిన తప్పు ఎవరి పరీక్షని పాడుచేస్తుందో నాకెప్పుడూ తెలియదు. అందుకని అనుకుంటాను.

నాలుగో చలికాలం మధ్యలో ఆయన భార్య మలక్‌పేట దవాఖానాలో పోయింది. మెత్తని మనిషి. నల్లా దగ్గర ఆయన అరిచినంత సేపూ గుమ్మంలో నిలబడి, ఆయన లోపలికి వెళ్ళాక వచ్చి మా అందరి బిందెలూ నిండేదాకా ఉండేది. దినాలు అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయిన మర్నాడు పొద్దున ఆయన మా గేటు దగ్గరికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

“మా ఇంట్ల చాయపత్తి ఏడుంటదో తెల్వది,” అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

“డబ్బాలన్ని జూసిన. దొరుకుతలేదు. ఎవల్ని అడగబుద్ధి గాలే. నువ్వైతె జాలి పడవని వచ్చిన.”

వెళ్ళాను. టీపొడి ఉప్పు డబ్బా వెనక, పాత హార్లిక్స్ సీసాలో ఉంది. ఆయన సీసా అందుకుని మూత తీయబోయాడు, రాలేదు. నేనే తీసి ఇచ్చాను. గుండ్రటి మెడ టీషర్టు వేసుకుని ఉన్నాడు, ఏదో కోచింగ్ సెంటర్ వాళ్ళు ఉచితంగా పంచినది. అప్పటిదాకా ఆయన్ని గుండీల చొక్కాలో తప్ప చూడలేదు. ఇల్లు చూసే మనిషి లేక ఇస్త్రీ లేదేమో అనుకున్నాను. ఇంటికి వచ్చి చాలాసేపు కూర్చున్నాను. ఆ రోజు ఆయన మీద నాకు కోపం లేదు. ఎంత వెతికినా దొరకలేదు.

తర్వాతి ఆదివారమే మళ్ళీ భువనగిరి వెళ్దామన్నాడు. వెళ్ళాం. పైన, అంచుకి పది అడుగుల ఇవతల, రాతిలో దిగ్గొట్టిన ఇనుప కడియాలకి తాడు కట్టి, అందరికంటే ముందు తనే దిగడం ఆయన అలవాటు. ముడి వేసుకుని నా వైపు తిరిగాడు. ఎడమ బుగ్గ మీద ఒక చోట గడ్డం గీయకుండా వదిలేసి ఉంది. దాని వైపే చూశాను.

“పొద్దున ఏమైనా తిన్నారా?”

“ముడి జూడు.”

ముడి వైపు చూశాను. అంటే నా కళ్ళు దాని మీదుగా వెళ్ళాయి. “సరిగ్గా ఉందండి,” అన్నాను.

ఆయన అంచు దగ్గరికి వెళ్ళి లోయకి వీపు పెట్టి నిలబడ్డాడు. వెనక్కి వాలేముందు తాడుని మూడుసార్లు గట్టిగా గుంజుతాడు. ఒకటి. రెండు. మూడోసారికి ముడి జారి, తాడు కొస ఆయన చేతిలోకి వచ్చేసింది. దాని వైపు చూస్తూ నిలబడ్డాడు. కింద ఊరు, రైలు పట్టాలు, ఆయన మడమలకి ఒక అడుగు వెనక. తర్వాత ముందుకి రెండడుగులు వేసి కూర్చున్నాడు.

“పరీక్ష పెట్టిన,” అన్నాడు, నా వైపు చూడకుండా. “ఫెయిలైనవ్.”

“నేను చూశానండి.”

“ముడి జూడలే. నా మొకం జూసినవ్.” ఇంకా తాడునే చూస్తున్నాడు. “నా మీద జాలి పడేటోళ్లు ఇంటికాడ శానమంది ఉన్నరు. గీడికి నిన్ను తెచ్చుకున్నది గందుకు గాదు. మెట్లు దిగి పో. కోట జూడనీకొచ్చినోళ్లతోటి పో. మళ్ల రాకు.”

పదిమంది ముందు అన్నాడు. నడుము పట్టీ విప్పి అక్కడ పెట్టి, మెట్ల దారిన దిగాను. నా ముందు ఒక కొత్త జంట ప్రతి మలుపు దగ్గరా ఆగి ఫోటో తీసుకుంటున్నారు. వాళ్ళని దాటి పోయే ధైర్యం కూడా నాకు లేకపోయింది.

ఇంకో నెలపాటు ఆదివారాలు ఆయన సంచులు మోసుకుంటూ వెళ్ళడం కిటికీలోంచి చూశాను. బండ దగ్గర కూర్చుని కేకలేస్తాడు గాని తను దిగడం లేదని సునీత చెప్పింది. తర్వాత వెళ్ళడమే మానేశాడు. తాళ్ళు ఎవరికో ఇచ్చేశాడట. వయసైందని అందరూ అనుకున్నారు. నేను లేకుండా ఆయన ముడి ఎవరు చూస్తారులే అని నేను కాస్త గర్వపడ్డాను. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

మూడేళ్ళలో ఆయన నాతో అన్నది ఒకే మాట. ఎల్బీనగర్‌లో ఒకే మెట్రో పెట్టె ఎక్కాం. మూడు స్టేషన్లు ఎదురెదురుగా నిలబడి, ఒకరి తల మీదుగా ఒకరం చూశాం. దిల్‌సుఖ్‌నగర్‌లో నేను దిగుతుంటే వెనకనుంచి, “నీ సంచి తెరిసున్నది,” అన్నాడు. చూసుకున్నాను. తెరిచే ఉంది. తిరిగి చూసేసరికి తలుపులు మూసుకున్నాయి.

నిన్న సాయంత్రం ఆయన కూతురు మా ఇంటికి వచ్చింది, ఆ రోజు బస్సు అందని అమ్మాయి. చేతిలో ఒక కాగితం.

“ఆంటీ, దినాలకు ఫ్లెక్సీ కొట్టిస్తున్నం. వీధోళ్లందరు కల్సి మ్యాటర్ రాసిన్రు. మీరు ఒక్కసారి చూస్తరా, తప్పులేమన్న ఉంటె?”

చదివాను. ‘మృదుభాషి, స్నేహశీలి, నిగర్వి, అజాతశత్రువు.’ అక్షరదోషాలు లేవు. పెన్ను తీసుకుని మృదుభాషి కొట్టేశాను. స్నేహశీలి కొట్టేశాను. అజాతశత్రువు మీద రెండు గీతలు పెట్టాను. ఆ అమ్మాయి కాసేపు చూసి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి నవ్వినట్టుంది.

“నేను గుడ గదే అన్న ఆంటీ. ఎవలింటరు?” అని ఫోన్ తీసింది. “ఫోటో గుడ మీరే చెప్పుండ్రి. గుండీల అంగీ ఏసుకున్నది ఒక్కటే మంచిగున్నది. కని పాతది. అమ్మ పోయినంక బాపు మళ్ల అంగీ ఏసుకోలే.”

“ఎందుకని?”

“గుండీలు పెట్టేటోళ్లేరి? కుడిచేతి రెండు వేళ్లు తిమ్మిరి పట్టినయ్ గద. అమ్మ పోకముందు ఏడాది సంది. ఏది పట్టుకున్నా తెలుస్తుండకపోయేది. ఎవరికి చెప్పొద్దని అమ్మతోటి ఒట్టు పెట్టించుకున్నడు. నాకు గుడ అమ్మ దవాఖానల ఉన్నప్పుడు చెప్పింది.”

పెన్ను బల్ల మీద పెట్టాను. మూడో చలికాలం. పొట్టిగా వదిలిన కొస. వదులైన మెలిక. హార్లిక్స్ సీసా మూత. పరీక్ష లేదు, ఏమీ లేదు. ఏడాదికి పైగా ఆయన తన వేళ్ళని నమ్మకుండా నా కోపాన్ని నమ్ముకుని బండ అంచు దాకా వెళ్ళాడు. ఆ కోపం లేని ఒక్క రోజు నేను ఆయన్ని చంపబోయాను.

ఆ ఆదివారం జరిగింది ఆ అమ్మాయికి మొత్తం చెప్పాను. ఎవరో ఒకరికి చెప్పాలి. ఆమె ఏడవలేదు. “మీరు బాధ పడ్తరనే పరీక్ష అని చెప్పిండేమో ఆంటీ,” అంది.

“మీ బాపు అలాంటివాడు కాదమ్మా. చేతులు పోయాయని తెలిస్తే పదిమందిలో చులకనైపోతానని చెప్పాడు. నన్ను మెట్లు దింపి తన పరువు నిలబెట్టుకున్నాడు.”

“అది గుడ నిజమే,” అంది. కోపగించుకోలేదు.

నా మాట తప్పు కావచ్చు. కానీ ఇష్టం ఉన్నవైపు మొగ్గి ఇంకో మాట అనలేను. మూడేళ్ళు ఒక అబద్ధాన్ని నా చేత మోయించాడు. దానికి ఆయన్ని క్షమించే ఉద్దేశం నాకు లేదు.

“అన్ని కొట్టేసిన్రు. ఇప్పుడు ఫ్లెక్సీ మీద ఏముంటది?” అని అడిగింది.

కొట్టేసిన మాటల కింద ఒక వాక్యం రాశాను: ‘ఈయన తాడుతో దిగిన వాళ్ళలో ఎవరూ పడలేదు.’ రాసి కాగితం ఆమెకి ఇచ్చాను.

“ఇది రాసింది నేను, నేనే చూస్తే కుదరదు. మీ బాపు అంటే గిట్టనివాళ్ళెవరికైనా చూపించు.”

“గిట్టనోళ్లా? మొన్నటిదాక వీధంత గిట్టనోళ్లే. ఇప్పుడు ఒక్కలు లేరు. గందుకే గదా మీ దగ్గరికొచ్చిన.”

కాగితం వెనక్కి తీసుకున్నాను. నాలుగు చలికాలాల్లో నేను చూసిన ఒక్కొక్కరినీ గుర్తుచేసుకున్నాను. మోకాలు కొట్టుకున్నతను, మధ్యలో కళ్ళు తిరిగినామె, కానిస్టేబుల్ పరీక్ష అమ్మాయిలు, చివరికి ఆయన. తర్వాత మొదటి అక్షరం నుంచి వేలు పెట్టి మళ్ళీ చదివాను. ఈసారి ఎదురుగా కూర్చున్న ముఖం వైపు చూడలేదు.